నచ్చకపోయినా చూస్తూనే ఉంటున్నా. ఇది రోగమా, బద్ధకమా?

గోదారిగట్టు
నిన్న రాత్రి పదకొండుంపావుకి ఫోన్ తీశా, పొద్దున వాన ఉంటుందో లేదో చూద్దామని. మళ్ళీ టైం చూసేసరికి ఒంటిగంటా నలభై. మధ్యలో ఏం చూశావయ్యా అంటే మూడే గుర్తున్నాయి. ఎవరో తుప్పుపట్టిన ఇనప పెనాన్ని తోమి మెరిపించడం, ముక్కూమొహం తెలీని వాళ్ళ సీమంతం, బురదలో దిగబడిన జేసీబీ. వాన సంగతి మాత్రం చూడలేదు. పొద్దున తడుచుకుంటూ ఆఫీసుకి పోయా.

టైం పోతోందని కాదు నా ఏడుపు. అందులో సరదా కూడా లేదు! సినిమా చూస్తే బాగుందనో చెత్తనో ఏదో ఒకటి అంటాం. ఇది చూస్తుంటే విసుగొస్తోంది, కళ్ళు మండుతున్నాయి, అయినా బొటనవేలు పైకి తోస్తూనే ఉంది. మా ఆవిడ "ఆ వెలుగు ఆపండి" అని రెండుసార్లు అంది. "ఆ, అయిపోయింది" అన్నా. ఏం అయిపోయింది నా మొహం, అది అయిపోయేదా?

నలభై రెండేళ్ళు నాకు. సిగరెట్ లేదు, మందు లేదు, పేకాట లేదు. దీనికెలా దొరికిపోయానో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. "ఫోన్ పక్కన పెట్టెయ్" అన్న సలహా తప్ప ఏదైనా సరే.

పాతచింతకాయ
ఫోన్ పక్కన పెట్టెయ్.

మిరపకాయ_బజ్జి
హహహ మాస్టారు అయిదు నిమిషాలు కూడా ఆగలేకపోయారు

ఇంతకీ ఆ పెనం మెరిసిందా?

గోదారిగట్టు
మెరిసింది. దోసె కూడా వేశాడు. అతుక్కోలేదు.

మనసు_మర్మం
కౌన్సెలింగ్‌లో పనిచేస్తాను కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, ఓపికుంటే చదవండి.

"సరదా లేదు, అయినా ఆపలేకపోతున్నా" అన్నారే, అసలు కిటుకంతా అక్కడే ఉంది. కావాలనిపించడం, బాగుందనిపించడం మెదడులో ఒకటే పని కాదు. మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్ అనే ఆయన ఎలుకల మీద చాలా ఏళ్ళు ఇదే చూశాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసిన ఎలుకలు ముందు తిండి ఉన్నా కదిలేవి కావు. నోట్లో తీపి చుక్క వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే మూతి నాక్కునేవి. అంటే రుచి తెలుస్తోంది, వెంటపడాలనిపించట్లేదు. మనది సరిగ్గా తిరగేసిన కేసు. వెంటపడటం బ్రహ్మాండంగా నడుస్తోంది, రుచే పోయింది. "డోపమైన్ అంటే ఆనందం" అని వాట్సాప్‌లో తిరిగేది అందుకే సగం తప్పు.

రెండోది స్కిన్నర్ అనే సైకాలజిస్టు పావురాలు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం కడుపు నిండాక ఊరుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే మాత్రం నొక్కుతూనే ఉంటుంది. మీది గోదారి గట్టు కాబట్టి గాలం లెక్కలో చెప్తా. వేసినప్పుడల్లా చేప పడితే గంటలో బుట్ట నింపుకుని లేస్తాడు. అసలు పడకపోయినా లేస్తాడు. ఎప్పుడో ఒకటి తగులుతుంటేనే చీకటిపడేదాకా కూర్చుంటాడు. మీ సీమంతం, మీ జేసీబీ ఖాళీ గాలాలు. పెనం చేప.

మిరపకాయ_బజ్జి
"పెనం చేప" అంటే చదవగానే ఆకలేసింది

పాతచింతకాయ
ఎలుకలు, పావురాలు. మనిషికి విచక్షణ అనేది ఒకటుందా లేదా? ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. చదవాలనుకున్నవాడు సంతలో కూర్చోబెట్టినా చదివాడు. చేతినిండా పని ఉన్నవాడికి ఈ జబ్బులు రావు. ప్రతిదానికీ మెదడు మీద నెపం వేస్తే ఇక మనిషి చేసేదేముంది?

మిరపకాయ_బజ్జి
మాస్టారూ, కోపం తెచ్చుకోనంటే ఒక మాట. ఈ వేదికలో మీ పోస్టులు 11,208.

పాతచింతకాయ
అది చర్చ. చర్చ వేరు.

కోడ్_కూలీ
మాస్టారు విచక్షణ అన్నారు కాబట్టి అవతలివైపు నుంచి చెప్తా. రెండేళ్ళు ఒక షాపింగ్ యాప్‌లో నోటిఫికేషన్ల టీంలో చేశా. పేరు అడక్కండి. మా పనల్లా జనాన్ని రెండు గుంపులు చేసి, ఒకే కబురు రెండు రకాలుగా పంపి, ఏది ఎక్కువమంది తెరిచారో చూడటం. "మీరు చూసిన చెప్పుల ధర తగ్గింది" అని నిజం చెప్తే తక్కువమంది తెరిచేవాళ్ళు. "మీకోసం ఒకటి ఎదురుచూస్తోంది" అంటే ఎగబడేవాళ్ళు. లోపల అవే చెప్పులు. మర్మంగారు చెప్పిన పావురాల గురించి మా టీంలో ఎవరూ చదవలేదు. లెక్కలే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాయి.

ఇంకోటి. ఒకప్పుడు పేజీ కిందదాకా వెళ్తే "తరువాతి పేజీ" అని నొక్కాల్సొచ్చేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్ తెచ్చాడు, ఆ నొక్కుడు తప్పిద్దామని. తర్వాత తనే బాధపడ్డాడు. పెళ్ళి బంతిలో పెరుగు వడ్డించారంటే అర్థం ఏంటి? భోజనం అయిపోయింది, లేవండి అని. ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. ఇక్కడ పెరుగు రాదు. పప్పు, కూర, పులిహోర, మళ్ళీ పప్పు. విస్తరి ముందు కూర్చున్నవాడి విచక్షణ ఎంతసేపు నిలబడుతుంది మాస్టారూ?

ఫేస్‌బుక్ మొదటి ప్రెసిడెంట్ షాన్ పార్కర్ 2017లో తనే బయటపడ్డాడు. మనిషి మనసులోని బలహీనతని వాడుకుంటున్నామని తెలిసే కట్టామని. తెలిసి కట్టినవాళ్ళు ఒకవైపు, రాత్రి పదకొండుకి నిద్రమత్తులో ఒక్కడు ఇంకోవైపు. ఇది సమఉజ్జీల ఆట కాదు.

గోదారిగట్టు
పెరుగు రాదు అన్న మాట మా ఆవిడకి చదివి వినిపించా. "అయితే నేనొచ్చి పెరుగు పొయ్యాలా" అంది.

సిద్దిపేట_సిన్నోడు
గోదారన్నది సూసేటోళ్ళ బాధ. నాది పెట్టేటోళ్ళ బాధ, గది ఇంకో తీరు.

2019ల టిక్‌టాక్‌ల వీడియోలు పెడుతుంటి. పదిమంది సూస్తే ఎక్కువ, అండ్ల నలుగురు మా సుట్టాలే. ఒకనాడు మా బర్రె కుడితి తాగుకుంట నా దిక్కు సూశి తల ఊపింది, నేనేదో అడిగినట్టు. గది పెట్టిన. పొద్దుగాల లేశేసరికి రెండు లక్షల మంది సూశిన్రు. ఇగ అయిపోయింది నా కథ. అటెన్క నూటయాభై వీడియోలు తీసిన. అదే బర్రె, అదే కుడితి. ఒక్కటి లేవలే. పెట్టినకాడికెళ్ళి రెండు నిమిషాలకొకపారి తీసి సూసుడు. లైకులు రాకుంటే బువ్వ సయించకపోవు.

2020 జూన్ 29 రాత్రి సర్కారు 59 యాప్‌లు బంద్ వెట్టింది గదా, అండ్ల నాది గూడ పాయె. ఎవలకన్న చెప్తే నవ్వుతరు గని, ఆ రాత్రి ఏడ్సిన. మూడు దినాలు ఏం చెయ్యాల్నో సమజ్ కాలే. నాలుగో దినం పొలం కాడికి వోయిన, మస్తు నిద్ర పట్టింది. జులై 8కి ఇన్‌స్టాల రీల్స్ అచ్చినయ్. తొమ్మిదో తారీకు మల్ల బర్రె ముందట నిలవడ్డ.

మిరపకాయ_బజ్జి
బర్రె ఎట్లున్నది అన్నా ఇప్పుడు

సిద్దిపేట_సిన్నోడు
మంచిగున్నది. దానికేం, అది ఒక్కపారి గూడ లైకులు సూసుకోలే.

తులసికోట
మీరంతా స్క్రోలు, నోటిఫికేషను అంటున్నారు. నా సంగతి వేరు. నాకు యాభై మూడు. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక గంట చూస్తాను, గంటే. రెండో గంట ఎప్పుడూ చూడలేదు. దీన్ని వ్యసనం అంటారో లేదో తెలీదు. కానీ ఆ గంట తర్వాత మనసు బాగుండదు.

అంబానీల పెళ్ళి మొత్తం చూశాను. ఆ నగలు, ఆ హంగు. నాకేమీ కాలేదు, కాఫీ తాగి లేచాను. అదే మా తోడికోడలు కొత్తగా చేయించిన వంటిల్లు ఫోటో పెట్టింది. తెల్ల సొరుగులు, లోపల దీపాలు. రెండు రోజులు నిద్ర లేదు నాకు. మా ఇంట్లో గ్యాస్ బండ పక్కన నూనె మరక కనిపిస్తే ఏడుపొచ్చింది. నవ్వకండి.

మనసు_మర్మం
నవ్వం పిన్నిగారూ. మీరు చెప్పిందే లియోన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టు 1954లో సిద్ధాంతంగా రాశాడు. మనిషి తనని తాను కొలుచుకోవాలంటే చేతికందే కొలబద్ద కావాలి. అంబానీ చేతికందడు. తోడికోడలు అందుతుంది. అదే ఊరు, అదే అత్తగారు, దాదాపు అదే జీతం. పూర్వం ఆ వంటిల్లు ఏ పండక్కో వెళ్ళినప్పుడు చూసేవారు. దాంతోపాటు ఆవిడ మోకాళ్ళ నొప్పులూ, కొడుకుతో గొడవా కూడా కనపడేవి. ఇప్పుడు ఒక్క సొరుగులే కనపడుతున్నాయి.

తులసికోట
ఆవిడకి మోకాళ్ళ నొప్పులు నిజంగానే ఉన్నాయి. మీకెలా తెలుసు?

మిరపకాయ_బజ్జి
యాభై దాటిన తోడికోడళ్ళందరికీ ఉంటాయి పిన్నీ, ఇది సైకాలజీ కాదు

డల్లాస్_బుల్లోడు
నేను రీల్స్ చూడను. నా రోగం వాట్సాప్ స్టేటస్‌లు. ఇక్కడ రాత్రి పడుకునే టైంకి అక్కడ తెల్లారుతుంది. గుళ్ళో అభిషేకం, మేనకోడలి స్కూల్ డ్రెస్సు, మా వీధిలో నీళ్ళ ట్యాంకర్ దగ్గర గొడవ. ఒక్కటి మిస్సయినా ఏదో పోగొట్టుకున్నట్టే. పెదనాన్న గారి అబ్బాయి పెళ్ళికి వెళ్ళలేకపోయా. ఆ మూడు రోజులూ ఆఫీసు బాత్రూంలో కూర్చుని చూశా.

పోయిన నెల అమ్మ అంది, "నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైందిరా" అని. నేను నమ్మలేదు. కాల్ లిస్టు చూస్తే నిజమే, ఇరవై రెండు రోజులు. నా లెక్కలో మాత్రం రోజూ ఇంట్లోనే ఉన్నా. అమ్మ పెట్టిన ముగ్గు చూశా, నాన్న కొత్త కళ్ళద్దాలు చూశా. చూశాను కాబట్టి మాట్లాడేసినట్టు అనిపించింది. వాళ్ళకేమో నేను "చూసినవాళ్ళ" లిస్టులో ఒక పేరుని, అంతే.

కొత్తమొహం
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటా, మొదటిసారి రాస్తున్నా. మా తమ్ముడికి 19. కాలేజీ మానేశాడు. రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటలు ఫోనే. నాన్న లాక్కుంటే టీవీ పగలగొట్టాడు. స్నానం కూడా చెయ్యట్లేదు. మీరు జోకులేసుకుంటున్నారు కానీ ఇంట్లో నరకంగా ఉంది.

మనసు_మర్మం
కొత్తమొహం గారూ, ఇది పైవాళ్ళు చెప్పినవాటి కోవలోది కాదు. లాక్కోవడం ఆపించండి ముందు. చదువు, స్నానం, తిండి అన్నీ పోయాయంటే ఫోన్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. డిప్రెషన్ ఉందేమో, కాలేజీలో ఏమైనా జరిగిందేమో డాక్టర్ చూడాలి. 14416కి ఫోన్ చెయ్యండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వీలైతే బెంగళూరులో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి ఉంది. అతను రానంటే మొదట మీరు మాట్లాడినా ఫర్వాలేదు.

పాతచింతకాయ
అమ్మా/నాయనా, నా మొదటి పోస్టు నీ ఇంటి గురించి కాదు. డాక్టర్‌కి చూపించండి. ఆలస్యం చెయ్యొద్దు.

నిశ్శబ్దరాగం
కొత్తమొహం గారి తమ్ముడి విషయం పక్కన పెట్టి, మిగతావాళ్ళతో నాకు పేచీ ఉంది. ప్రతిదాన్నీ "వ్యసనం" అనేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో 2022 నుంచి గేమింగ్ డిజార్డర్ అమల్లో ఉంది. సోషల్ మీడియా వ్యసనం అనే జబ్బు అందులో లేదు. 2019లో ఆమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులు అమెరికా, బ్రిటన్‌లలో మూడున్నర లక్షలమందికి పైగా పిల్లల లెక్కలు తిరగేశారు. వాళ్ళ బాగోగుల్లోని తేడాల్లో స్క్రీన్లతో ముడిపడింది మహా అయితే 0.4 శాతం. బంగాళదుంపలు తినడానికీ దాదాపు అంతే సంబంధం కనపడింది.

నా అనుభవం ఇది. అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డ పద్నాలుగు నెలలు రాత్రుళ్ళు మేలుకుని ఉండేదాన్ని. రెండు గంటలకోసారి పక్కకి ఒత్తిగిలించాలి. మధ్యలో ఫోనే. ఏం చూసేదాన్నో తెలీదు, పిల్లి వీడియోలు. అమ్మ పోయాక రెండు నెలలకి నా ప్రమేయం లేకుండానే తగ్గిపోయింది. నేనేమీ డిటాక్స్ చెయ్యలేదు. ఆ రాత్రులు లేవు, ఆ అవసరమూ లేదు. అప్పుడెవరైనా వచ్చి నన్ను బానిస అనుంటే చెంప పగలగొట్టేదాన్ని.

కోడ్_కూలీ
మీ బాధ అర్థమైందండీ, కానీ 0.4 అనేది సగటు. నది సగటు లోతు మూడడుగులే అని దిగి మునిగినవాళ్ళున్నారు.

నిశ్శబ్దరాగం
ఉన్నారు. అందుకే నదిని తిట్టేముందు ఈత రానివాడు అక్కడికెందుకు వెళ్ళాడో అడగమంటున్నా.

మనసు_మర్మం
ఇద్దరిలోనూ నిజముంది అంటే గోడమీద పిల్లి అంటారు, అయినా అంటున్నా. 2018లో అమెరికా ఎన్నికల ముందు కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించి చూశారు. రోజుకి సగటున ఓ గంట మిగిలింది, మనసు కొంచెం కుదుటపడింది. కొంచెమే. నిశ్శబ్దరాగం గారి మాటకి బలం వేరేచోట ఉంది. 2014లో టిమోతీ విల్సన్ అనే సైకాలజిస్టు బృందం జనాన్ని ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టింది. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఉన్నదల్లా నొక్కితే కరెంటు షాక్ కొట్టే మీట. 18 మంది మగవాళ్ళలో 12 మంది తమకి తాము షాక్ కొట్టుకున్నారు. ఆడవాళ్ళు 24లో ఆరుగురు.

మిరపకాయ_బజ్జి
అంటే నెట్ పోయిన రోజు మా ఇంట్లో ప్లగ్గులకి టేపు వెయ్యాలి

తులసికోట
పన్నెండుమంది మగవాళ్ళు! మా ఇంట్లో చెప్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

మనసు_మర్మం
గోదారిగట్టు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. పదకొండుంపావుకి ముందు మీ రోజు ఎలా గడుస్తుంది?

గోదారిగట్టు
ఈ ప్రశ్నకి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఆరింటికి లేస్తా. నాన్నకి ఇన్సులిన్. పిల్లల్ని బస్సెక్కించడం. ఆఫీసులో మార్చి నెల లెక్కలు ఇంకా తెమల్లేదు. సాయంత్రం ఏడున్నరకి ఇల్లు, చిన్నదానికి ఎక్కాలు, నాన్నకి మళ్ళీ ఇన్సులిన్, భోజనాలు, గేటు తాళం. అన్నీ అయ్యి నడుం వాల్చేసరికి పదకొండు. ఆ తర్వాతే నన్ను ఎవరూ పిలవరు. పడుకోవచ్చు. కానీ కళ్ళు మూస్తే తెల్లారిపోతుంది, మళ్ళీ ఆరు. నిద్రపోవడమంటే రేపటిని నేనే చేతులారా పిలవడం లాగా ఉంటుంది. అందుకే ఆపుతూ ఉంటా. పెనం తోమేవాణ్ణి చూసేది పెనం కోసం కాదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

డల్లాస్_బుల్లోడు
అన్నా, ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయా.

పాతచింతకాయ
చేతినిండా పని ఉన్నవాడికి రాదు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతావి కాదు.

కోడ్_కూలీ
ఈ రోజు తేదీ రాసిపెట్టుకోండి అందరూ

నిశ్శబ్దరాగం
ఇంట్లో ఆ ఇన్సులిన్‌లలో ఒకటి వేరే ఎవరైనా చూసుకునే వీలుందా? ఫోన్ గురించి తర్వాత ఆలోచించవచ్చు.

గోదారిగట్టు
పది రోజుల తర్వాత వస్తున్నా. సాయంత్రం ఇన్సులిన్ పెద్దవాడు నేర్చుకున్నాడు. మొదటి రోజు వాడి చెయ్యి వణికింది, నాన్నే ధైర్యం చెప్పాడు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా డాబా మీద కూర్చుంటున్నా, ఫోన్ కింద వదిలేసి. మొదటి రోజు మా ఆవిడ పైకొచ్చి "ఒంట్లో బాగాలేదా" అని నుదురు పట్టుకు చూసింది.

యాప్ తీసేశా. కానీ బొటనవేలు ఒప్పుకోవట్లేదు. అది ఉన్న చోటికి కరెంటు బిల్లు యాప్ జరిగి కూర్చుంది. రోజుకి ఇరవైసార్లు కరెంటు బిల్లు తెరుస్తున్నా. 1,340 రూపాయలు. ఎప్పుడు చూసినా అంతే.

రాత్రుళ్ళు ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెడుతున్నా, అలారం గడియారం కొనుక్కున్నా. రెండు రోజులు మాత్రం తప్పా. నిన్న పన్నెండున్నర దాకా వంటింట్లో నిలబడి చూశా.

సిద్దిపేట_సిన్నోడు
నిలవడి సూస్తే కాళ్ళు గుంజి అదే బంద్ అయితది అన్నా. మంచి ఉపాయం.

తులసికోట
మా తోడికోడలింటికి వెళ్ళొచ్చాను. ఆ సొరుగుల్లో ఒకటి అప్పుడే ఊడింది. పాపం అనిపించింది. నిజంగానే.

కొత్తమొహం
14416కి చేశాను. మొదట నేనే మాట్లాడా. వచ్చే మంగళవారం డాక్టర్ దగ్గరికి, తమ్ముడు వస్తానన్నాడు. చూడాలి.

పాతచింతకాయ
సంతోషం. వెళ్ళొచ్చాక రాయి.

గోదారిగట్టూ, చివరికి ఫోన్ పక్కన పెట్టావన్నమాట. నేను మొదట్లోనే చెప్పాను.

మిరపకాయ_బజ్జి
11,212